మొద్దుబారిన పాదాలకు తోలు పట్టీల చెప్పులు

కుష్ఠు వల్లగాని, షుగరు వల్లగాని పాదం మొద్దుబారితే, చెప్పు కరిచినా మనిషికి తెలియదు. అందుకే మెత్తటి ఎం.సి.ఆర్. రబ్బరు, మడమ వెనుక తోలు పట్టీ ఉన్న చెప్పులు ఇస్తాము. కొత్తవి మొదటిరోజు గంటసేపే తొడిగించండి. విప్పాక పాదంపై ఎరుపు తగ్గకపోతే చెప్పులు తీసుకురండి, సరిచేస్తాము.

తొడిగే ముందు చెప్పు లోపల తడిమి చూడండి. రోగి చేతులకూ స్పర్శ లేకపోవచ్చు, కనుక మీరే చూడాలి. ఒక పెద్దాయన చెప్పులో చింతగింజతో రోజంతా నడిచి, పుండుతో వచ్చారు.

పట్టీ తెగితే కుట్టించండి, మేకులు వద్దు. తడిస్తే నీడలో ఆరబెట్టండి. పొయ్యి దగ్గర తోలు బిరుసెక్కి పగులుతుంది. రబ్బరు అణగిపోతే, తోలు ఎంత బాగున్నా మార్చవలసిందే. గుమ్మం బయట చెప్పులు విడవడం మన అలవాటు కదా, ఇంట్లోకి వేరే జత ఉంచండి.