ఎర్ర చీరకి వక్క రంగు వేయిద్దామా?

సంక్రాంతి వెళ్ళిన వారానికి మా అక్క ఒక అట్టపెట్టె పట్టుకుని ఊరినుంచి దిగింది. కాఫీ తాగుతూ ఆ పెట్టె నా ముందుకు తోసి, "దీనికి రంగు మార్పించాలే. మీ విజయవాడలో ఎవరైనా మంచివాళ్ళుంటే చూడు" అంది.

మూత తీయకముందే అదేమిటో నాకు తెలిసిపోయింది. మిరపపండు ఎరుపు ప్యూర్ జార్జెట్ చీర. అంచు పొడుగునా జర్దోసీ పని, ఒంటినిండా చిన్న చిన్న బుటాలు. వాళ్ళ పాతికేళ్ళ పెళ్ళిరోజుకి బావగారు హైదరాబాదులో ఒక డిజైనర్ దగ్గర 32,000 రూపాయలు పోసి కొన్నారు. బిల్లు చూసి అక్క నెల్లాళ్ళు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. కట్టింది రెండే రెండుసార్లు. బావగారు పోయి రెండేళ్ళయింది. మే నెలలో కూతురి పెళ్ళి.

"పెళ్ళిలో ఇదే కట్టుకోవాలని ఉందే. కానీ ఈ ఎరుపుతో పందిట్లోకి ఎలా వస్తాను చెప్పు? వక్క రంగో, బచ్చలిపండు రంగో చేయిస్తే ఎవరూ ఏమీ అనరు" అంది.

ఎవరేమంటారని నేను అడగలేదు. అనేవాళ్ళ జాబితా మా ఇద్దరికీ కంఠతా వచ్చు. "దానికేం, వేయిద్దాంలే" అనేశాను. అన్నాక గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే, ఖరీదైన బట్టకి రంగు మార్చబోయి చేతులారా తగలేసిన చరిత్ర నాకుంది.

అది ఉల్లిపొర రంగు కుర్తా. పేరున్న డిజైనర్‌దే, తగ్గింపు ధరలో దొరికిందని ఎగబడి కొన్నాను. వేసుకుంటే మావారు ఎగాదిగా చూసి, "జ్వరంపడి లేచినట్టున్నావు" అన్నారు. అంతే, పంతం వచ్చింది. బజారునించి నెమలికంఠం రంగు పొట్లం తెచ్చాను. పెద్ద గిన్నెలో నీళ్ళు మరిగించి, రంగు కలిపి, కుర్తాని అందులో ముంచేశాను. అరగంట గరిటె పెట్టి తిప్పుతూ, ఇంత తెలివి ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయిందా అని మురిసిపోయాను కూడా.

ఆరేశాక చూద్దును కదా, నెమలికంఠం కాస్తా వంగపండు రంగయింది. పైబట్ట నూలుది కనుక రంగు పట్టింది. కుట్టిన దారం పాలియెస్టర్‌ది, దానికి చుక్క కూడా అంటలేదు. చంకలోనూ భుజాలమీదా ప్రతి కుట్టూ లెక్కపెట్టుకోవచ్చు. లోపలి లైనింగూ పాలియెస్టరే. మెడచుట్టూ పువ్వులు కుట్టిన మెరుపు దారం మాత్రం పైబట్టకంటే ఎక్కువ రంగు తాగి నల్లగా తేలింది. ప్లాస్టిక్ చమ్కీలు వేడికి వడియాల్లా వంకర్లు పోయాయి. పైబట్ట కుదించుకుపోయింది, లైనింగు పోలేదు. కింద అంగుళం మేర అది బయటికి వేలాడింది. పారేయడానికి చేతులు రాక ఇప్పటికీ బీరువా అడుగున దాచుకున్నాను.

ఆ దెబ్బతో కొంత చదివాను, కొంత అడిగి తెలుసుకున్నాను. మొట్టమొదట బుర్రకెక్కాల్సింది ఇదీ: బట్టకి రంగు వేయడం గోడకి రంగు వేయడంలాంటిది కాదు. గోడమీద కొత్త రంగు పాతదాన్ని కప్పేస్తుంది. బట్టలో కప్పదు, పాతదాంతో కలుస్తుంది. పసుపు చీరని నీలం నీళ్ళలో ముంచితే నీలం రాదు, ఆకుపచ్చ వస్తుంది. గులాబీ ఛాయ మీద నీలం వేస్తే నాకొచ్చినట్టు వంకాయ. అందుకే లేతదాన్ని ముదురు చేయొచ్చు గానీ, ముదురుదాన్ని లేత చేయడం రంగుతో అయ్యే పని కాదు. ముందు ఉన్న రంగు ఊడదీయాలి. రంగులవాళ్ళు దానికి హైడ్రోస్ అనే మందు వాడతారు. అన్ని రంగులూ దానికి లొంగవు. పైగా అది గంధకం కలిసిన మందు. గంధకానికి వెండి నల్లబడుతుంది కనుక అసలు జరీ ఉన్న చీరని దాని దగ్గరికి పోనివ్వకండి. కొందరు బ్లీచింగ్ నీళ్ళలో వేసేస్తుంటారు. పట్టుకీ ఉన్నికీ అది విషం, పోగుని తినేస్తుంది.

రెండోది పోగు సంగతి. నూలు, పట్టు, ఉన్ని, విస్కోస్ రంగు బాగా పడతాయి. పాలియెస్టర్‌కి రంగు వేయాలంటే మిల్లుల్లో ఒత్తిడి పెట్టి 130 డిగ్రీల దాకా వేడి చేస్తారు. అది మన గ్యాసు పొయ్యి మీద అయ్యేది కాదు. షాపువాడు "ప్యూర్" అన్నాడని నమ్మకండి. లోపలి కుట్టు మడతలోంచి ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని, సింకు దగ్గర నిలబడి కాల్చి చూడండి. కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద రాలితే నూలో విస్కోసో. వెంట్రుకలు కాలిన కంపు కొట్టి, నల్లటి బూడిద వేళ్ళ మధ్య పొడైపోతే పట్టు. కరిగి, ముడుచుకుని, గట్టి పూసలా మిగిలిందా, ఇక రంగు మాట మరిచిపోండి. పైబట్ట పోగు ఒకటి, లైనింగుది ఒకటి, కుట్టు దారం ఒకటి, మూడూ విడివిడిగా చూడాలి. నేను చూడనిది అదే.

మన నేత చీరల్లోనూ చిక్కులున్నాయి. గద్వాల చీరలో ఒళ్ళు నూలుదైతే అంచూ పైటా పట్టువి ఉంటాయి. నూలు రంగులో వేసే సోడా పట్టుకి మంచిది కాదు. పట్టు రంగు నూలుకి సరిగ్గా అంటదు. పోచంపల్లి ఇక్కత్‌లో పోగులకి ముడులు కట్టి, ముందే రంగులు అద్ది, తర్వాత నేస్తారు. ఆ రంగుల తేడాయే అక్కడ డిజైను. దాన్ని ఒక్క రంగులో ముంచితే మిగిలేది బురద. అలాంటివి మీ ఒంటికి నప్పకపోతే చెల్లెలికో, వదినకో ఇచ్చేయడం మేలు.

భయపడాల్సిన పనిలేనివీ ఉన్నాయి లెండి. మా అమ్మాయి తెల్ల లక్నో చికన్ కుర్తా మీద పప్పుచారు ఒలికితే ఇంట్లోనే వేశాను. నిజానికి పసుపు మరక మాత్రమే అయితే, సబ్బుతో ఉతికి నాలుగు రోజులు ఎండలో ఆరేస్తే చాలా వరకు వెలిసిపోతుంది, ముందు అది చేసి చూడాలి. ఇది నూనె మరక. నూనె ఉన్నచోట రంగు పట్టదు, మచ్చ అలాగే కనబడుతుంది. అందుకని సబ్బుతో బాగా రుద్ది జిడ్డు వదిలించాకే రంగు జోలికెళ్ళాను. బట్టా నూలే, కుట్టు దారమూ నూలే, లైనింగు లేదు. పొడి బట్టని తూచి, 250 గ్రాములుంటే, దానికి 20 రెట్లు నీళ్ళు పోశాను, అంటే 5 లీటర్లు. నూలుకి పనికొచ్చే చన్నీళ్ళ రంగులు దొరుకుతున్నాయి. కిలో బట్టకి 20, 30 గ్రాముల పొడి నడిరకం రంగునిస్తుంది. ముదురు కావాలంటే ఇంకాస్త. కుర్తాని తడిపి పిండి, రంగులో వేసి, ఉప్పు కలిపి కాసేపు తిప్పి, తర్వాత చాకలి సోడా కరిగించి పోసి గంటసేపు తిప్పుతూనే ఉన్నాను. మధ్యలో ఫోనొచ్చిందని వెళ్ళిపోతే మడతలున్నచోట చారలు పడతాయి. పట్టుకైతే సోడా బదులు వినిగర్, పట్టుకి వేసే ఆమ్లపు రంగులు. గోరువెచ్చటి నీళ్ళతో మొదలుపెట్టి మెల్లగా వేడి చేయాలి, తెర్లనివ్వకూడదు, మెరుపు చచ్చిపోతుంది. స్టీలు గిన్నె వాడండి, తర్వాత దాన్ని వంటింట్లోకి రానివ్వకండి. పొడి కలిపేటప్పుడు ముక్కుకి గుడ్డా, చేతులకి తొడుగులూ మరవకండి. కుర్తా నేరేడుపండు రంగులో చక్కగా వచ్చింది. మావారు మెచ్చుకోలేదు గానీ, జ్వరం ఊసెత్తలేదు.

ఇంత తెలిసినా, అక్క చీర మీద నా ప్రయోగాలు చేయదలుచుకోలేదు. వన్‌టౌన్‌లో బట్టల కొట్ల వెనక సందులో రంగులేసే పెద్దాయన ఉన్నాడని మా దర్జీ చెబితే ఇద్దరం వెళ్ళాం. వాకిట్లో తీగలమీద రకరకాల చున్నీలు ఆరుతున్నాయి. ఆయన గోళ్ళు పదీ నీలంగా ఉన్నాయి. చీర చూడగానే తీసుకుని, ఫలానా రోజు రండి అంటాడనుకున్నాను. చేతులు తుడుచుకుని, చీర మడత విప్పి, అంచు తిరగేసి వెనకవైపు చాలాసేపు చూశాడు.

"నూలూ పట్టూ నా మాట వింటాయమ్మా. ఈ తీగ వినదు" అన్నాడు.

తర్వాత ఓపిగ్గా చెప్పాడు. జార్జెట్ దారాన్ని బాగా పురి తిప్పి నేస్తారు. నీళ్ళలో పడితే ముడుచుకుంటుంది. జర్దోసీ గట్టిగా కుట్టినచోట ముడుచుకోవడానికి వీలుండదు. అప్పుడు అంచు కాలిన అప్పడంలా లేస్తుంది. ఈ జర్దోసీ తీగ రాగి మీద పూత పూసింది. పట్టు రంగులో వేసే ఆమ్లానికి ఆ పూత నిలవదు. జిగురుతో అంటించిన రాళ్ళు రాలిపోతాయి. రంగు వరకు అయితే, ఎరుపు మీద కొద్దిగా ఆకుపచ్చ, చిటికెడు నలుపు పడితే అమ్మగారు అడిగిన వక్క రంగు వస్తుంది. "రంగుకి నాదీ పూచీ. పనికి కాదు. ఆరొందల కూలికి ఆశపడి మీ చీర పాడుచేయలేను" అన్నాడు. వ్యాపారం చేసుకునే మనిషి నోటివెంట అలాంటి మాట విని ఎన్నాళ్ళయింది!

అక్క మొహం చిన్నబోయింది. నాకే తట్టింది, జాకెట్టు ముక్క ఉందిగా అని. అక్క ఆ చీర మీదకి బంగారు రంగు బ్రొకేడ్ జాకెట్టు వేసుకునేది, చీరతో వచ్చిన ముక్క కత్తిరించకుండా అలాగే ఉంది. చేతుల దగ్గర నాలుగు బుటాలూ ఉన్నాయి. ముందు దానికి వేసి చూడమన్నాం. ఖరీదైనది దేనికైనా రంగు మార్చాలనుకుంటే ఇలాంటి ముక్క ఒకటి వెతకండి. కుర్తాలకైతే లోపల మడిచిన బట్టలోంచి రెండంగుళాలు దొరుకుతుంది.

నాలుగో రోజు ముక్క తెచ్చుకున్నాం. రంగు మాత్రం అద్భుతం. పాత తాంబూలం పెట్టెలో ఎండు వక్క ఎలా ఉంటుందో అలా. మీటరు ముక్క రెండంగుళాలు తగ్గింది. బుటాలు మాసిన ఇత్తడి చెంబులా తయారయ్యాయి.

ఇంటికొచ్చి అక్క మంచంమీద చీర పరిచి, దానిమీద ఈ ముక్క పెట్టింది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "నీకు తెలుసా, ఆవేళ కొట్లో నేను తీసింది వక్క రంగుదే. ఇంతే, ఇదే రంగు. ఆయనే లాక్కుని పక్కన పడేశారు. పెళ్ళయినప్పట్నించీ వక్క రంగూ బూడిద రంగేనా, ఒక్కసారి నా మాట విని ఎరుపు కట్టవే అన్నారు."

నేనేమంటాను? కథల్లో ఎందరు ఆడవాళ్ళచేత ధైర్యంగా ఎన్నెన్ని మాటలు అనిపించానో. సొంత అక్క వచ్చి ఎరుపు కట్టకూడదు కదా అంటే, కట్టవే, ఎవరేమంటే నీకేం అని మొదటిరోజే అనలేకపోయాను. వేయిద్దాంలే అన్నాను. నీలం గోళ్ళ పెద్దాయన వద్దనకపోతే, ఆ చీర ఈపాటికి గంగాళంలో ఉండేది.

ఆ ముక్కని మోచేతుల దాకా చేతులు పెట్టించి జాకెట్టు కుట్టించాం. బుటాలు విప్పదీయించాం. చీరని డ్రైక్లీనింగ్‌కిచ్చి, తెల్ల నూలుగుడ్డలో చుట్టి పెట్టాం.

మే నెలలో అక్క ఎర్ర చీర మీద వక్క రంగు జాకెట్టు వేసుకుని పందిట్లోకి వచ్చింది. ఇద్దరు ముగ్గురు చూసి, చూపు తిప్పుకుని, చెవులు కొరుక్కున్నారు. లేదనను. అక్క మొదటి పది నిమిషాలూ పైట నిండుగా కప్పుకునే ఉంది. తలంబ్రాల వేళకి వదిలేసింది.

భోజనాల దగ్గర పెళ్ళికొడుకు మేనత్తగారు మా పక్కకొచ్చి కూర్చున్నారు. వచ్చినప్పట్నించీ చూస్తోందావిడ, ఇప్పుడేమంటుందోనని నేను బిగుసుకుని ఉన్నాను. అక్క చేతిని కాస్త ఇటు తిప్పి చూసి, "వదినగారూ, ఈ జాకెట్టు రంగు భలే కుదిరింది. ఎక్కడ వేయించారు?" అన్నారు.

అక్క నావంక చూసింది. నేను వన్‌టౌన్ సందు గుర్తులు చెప్పాను.