ఖాళీ ఫోర్క్‌లిఫ్ట్ ఎందుకు బోల్తా పడుతుంది?

సరుకెత్తిన ఫోర్క్‌లిఫ్ట్ కన్నా ఖాళీదే మలుపులో తొందరగా పక్కకు ఒరుగుతుందంటారు, నిజమేనా అని ఒక పాఠకుడు అడిగారు. నిజమే. ముందు ఫోర్కుల మీద సరుకు, దానికి సరితూగేలా వెనక ఇనుప దిమ్మె, ఆ రెంటి నడుమ తక్కెడ ముల్లు స్థానంలో ముందు చక్రాలు. ఇంతవరకు తెలిసిన సంగతే. అసలు కిటుకు వెనక ఇరుసులో ఉంది. నాలుగు చక్రాలున్నాయి కాబట్టి నాలుగు మూలలా ఆని నిలబడుతుందనుకోవడం పొరపాటు. గతుకుల మీద అటూ ఇటూ ఊగేందుకు వీలుగా ఆ ఇరుసును చట్రానికి నడిమధ్యనే కీలుతో తగిలిస్తారు. కనుక బండికి ఆనులు మూడే: రెండు ముందు చక్రాలు, వెనక ఆ కీలు. ఈ మూడింటినీ కలిపే త్రిభుజం దాటి గరిమనాభి గుండా పోయే బలరేఖ బయటకు పడితే బండి పడినట్టే. సరుకెత్తితే గరిమనాభి ముందుకు, త్రిభుజం వెడల్పుగా ఉన్నచోటికి జరుగుతుంది. దించగానే వెనక్కి, సన్నబడే కొసవైపు పోతుంది. పక్క అంచు దగ్గరవుతుంది. 3 మీటర్ల వ్యాసార్ధంతో గంటకు 10 కిలోమీటర్ల వేగాన తిరిగితే పక్కకు లాగే బలం బండి బరువులో నాలుగో వంతు; 15కి పెంచితే సగం దాటుతుంది. ఖాళీ బండే కదా అని వేగం పెంచేది సరిగ్గా ఇక్కడే.

తప్పు డ్రైవరుదేనని తేల్చేసేవారున్నారు. కానీ ఒరుగుతున్న బండి నుంచి దూకాలనిపించడం మనిషికి సహజం. దూకినవాడి మీదే పైకప్పు చట్రం పడుతుంది. అందుకే సీటు బెల్టు పెట్టుకుని, స్టీరింగు గట్టిగా పట్టుకుని, ఒరిగే దిక్కుకు ఎదురుగా వాలమంటారు. అమెరికాలోని కార్మిక భద్రతా పరిశోధన సంస్థ నియోష్ సేకరించిన, 1980-1994 మధ్య ఫోర్క్‌లిఫ్టుల వల్ల పోయిన 1,021 మంది కార్మికుల వివరాలు చూస్తే, 22 శాతం మరణాలు బోల్తా వల్లే. నడిచేవారిని బండి గుద్దిన ఘటనలు 20 శాతం కదా, త్రిభుజం మీదే ఇంత పట్టు ఎందుకని అడగొచ్చు. వేగం తగ్గితే ఆ ప్రమాదమూ తగ్గుతుంది. ఒకే మందు రెంటికీ పనిచేస్తుంది.

లారీలకు సరుకెక్కించే డాక్ అంచున ముందు చక్రం జారితే మూడు ఆనుల్లో ఒకటి పోయినట్టే. లారీలోకి వెళ్లిన ఫోర్క్‌లిఫ్ట్ బ్రేకు వేసినప్పుడల్లా ఆ లారీ డాక్ నుంచి కొద్దికొద్దిగా ముందుకు జరగొచ్చు కాబట్టి, లారీ చక్రాలకు అడ్డుదిమ్మెలు పెట్టాల్సిందే. ‘నెమ్మదిగా వెళ్లండి’ అని బోర్డు రాసి, ట్రిప్పుల లెక్కన తొందరపెట్టే యాజమాన్యం భద్రత పాటిస్తున్నట్టు కాదు. వేగానికి హద్దు ఇంజనులోనే బిగించాలి.