కొనుటయా, చందా కట్టుటయా?

వడ్రంగి యొక ఉలిని కొని తెచ్చుకొనినచో, పదును పెట్టుకొనుచు దానిని పదియేండ్లైనను వాడుకొనును. అమ్మినవాడు నడుమ వచ్చి దానిని తిరిగి యడుగడు. అంగడి మూతపడినను ఉలి పని మానదు. పనిముట్టును కొనుట యనగా నిదియే. కంప్యూటరు చేయవలసిన పనులను వరుసగా తెలుపు ఆజ్ఞల సముదాయమగు సాఫ్ట్‌వేర్ కూడ నొక పనిముట్టే. కాని యిటీవలి కాలమున దానిని కొనుటకు బదులు, నెలనెల చందా కట్టి వాడుకొను పద్ధతి వ్యాపించినది. ఈ మార్పు ఏల వచ్చినదో, దాని మంచిచెడ్డ లెట్టివో తెలిసికొనదగియున్నది.

పూర్వము సాఫ్ట్‌వేరును డిస్కులపై నెక్కించి, పెట్టెలలో నుంచి అమ్మెడివారు. కొనినవాడు దానిని తన కంప్యూటరులో చేర్చుకొనెడివాడు. అయినను వానికి లభించినది సంపూర్ణమైన స్వామ్యము కాదు. దానికి ప్రతులు తీసి అమ్ముకొను హక్కు వానికి లేదు. లభించినది వాడుకొనుటకు అనుమతి మాత్రమే. ఈ అనుమతికే లైసెన్సు అని పేరు. ఐతే, ఆ అనుమతికి గడువు లేదు. ఒక్కసారి వెల చెల్లించినవాడు కోరినంత కాలము వాడుకొనవచ్చును.

ఈ మార్పునకు అడోబి సంస్థ చరిత్ర చక్కని ఉదాహరణము. జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ అను నిరువురు దీనిని 1982లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున స్థాపించిరి. ఛాయాచిత్రములను సవరించు ఫోటోషాప్ 1990లో వెలువడినది. పుటలను కూర్చు పేజ్‌మేకర్ 1994లో ఈ సంస్థ చేతికి వచ్చినది. తెలుగునాట పెండ్లి పత్రికలను, కరపత్రములను, పుస్తకములను కూర్చు డి.టి.పి. కేంద్రములలో పేజ్‌మేకర్ మిక్కిలి వాడుకకు వచ్చినది. 2001లో దాని 7వ రూపము వెలువడిన పిదప క్రొత్త రూపము రాలేదు. అయినను, చేతికి అలవాటైన తెలుగు అక్షరములు దానిలో కుదిరియుండుటచే అనేకులు ఏండ్ల తరబడి దానినే వాడుచు వచ్చిరి.

కొనువానికి మేలైన ఈ గుణమే అమ్మువానికి చిక్కైనది. ఉలి యైన నరుగును, సాఫ్ట్‌వేర్ అరుగదు. పాతదానితో తృప్తిపడినవాడు క్రొత్తదానిని కొనడు. క్రొత్త రూపము వెలువడిన యేడు ధనము వెల్లువవలె వచ్చును, తరువాత తగ్గిపోవును. పనివారికి జీతములు మాత్రము నెలనెల చెల్లింపవలసినదే. దీనికి తోడు, దొంగప్రతుల వలన నష్టము కలుగుచుండెను. కావున స్థిరమైన రాబడి నిచ్చు మార్గమును సంస్థలు వెదకినవి.

2012లో అడోబి తన పనిముట్ల నన్నిటిని చేర్చి, క్రియేటివ్ క్లౌడ్ అను పేరుతో చందాకు ఇయ్యసాగెను. 2013 మే నెలలో, ఇకపై వెలువడు క్రొత్త రూపములు చందాదారులకు మాత్రమే లభించునని ప్రకటించెను. వేలకొలది మంది దీనికి అభ్యంతరము తెలిపిరి. సంస్థ రాబడి 2012లో 440 కోట్ల డాలర్లుండగా, 2013లో ఇంచుమించు 406 కోట్లకు తగ్గెను. అయినను సంస్థ వెనుదీయలేదు. 2023 నాటికి ఆ రాబడి 1,941 కోట్ల డాలర్లకు పెరిగెను. అందు అధికభాగము చందాలవలన వచ్చినదే. చిత్తులేఖనములను గీయు సాఫ్ట్‌వేరులకు పేరొందిన ఆటోడెస్క్ సంస్థయు 2016లో ఈ మార్గమునే త్రొక్కెను.

వాడుకరికి లాభమా, నష్టమా యనునది లెక్కవేసి చూడవలసిన విషయము. 2012లో అడోబి పనిముట్ల పూర్తి కట్టను అమెరికాలో ఒక్కసారిగా కొనుటకు 2,599 డాలర్లు కావలెను. 2013లో వానికి చందా, ఏడాది ఒప్పందముపై, నెలకు 50 డాలర్లకు ఒక సెంటు తక్కువ. అనగా 52 నెలల చందా ఆ వెలతో సమానము. ఆరు నెలలు మాత్రమే పని యున్నవానికి చందా మేలు. పెద్ద మొత్తము చేత లేనివానికిని మేలు. ఎప్పటికప్పుడు సవరణలును లభించును. కాని, ఒక్కసారి కొని పదియేండ్లు వాడుకొనదలచినవానికి ఖర్చు రెట్టింపునకు మించును.

ధనముకంటె ముఖ్యమైన విషయము మరొకటి కలదు. వారపత్రికకు చందా మానివేసినను, వచ్చిన సంచికలు ఇంటిలోనే యుండును. ఎప్పుడైనను తీసి చదువుకొనవచ్చును. సాఫ్ట్‌వేరు చందా అట్టిది కాదు. ఇన్‌డిజైన్ అను పనిముట్టుతో ఒకడు పుస్తకమును కూర్చెననుకొందము. చందా ఆగినచో ఆ పుస్తకపు ఫైలు వాని కంప్యూటరులోనే యుండును గాని, దానిని తెరచి దిద్దుటకు పనిముట్టు పలుకదు. శ్రమ తనది, తాళపుచెవి పరులది యగును.

ఈ భయము ఊహామాత్రము కాదు. 2019 అక్టోబరులో అమెరికా ప్రభుత్వపు ఆంక్షల కారణమున, వెనిజులా దేశములోని ఖాతాల నన్నిటిని నిలిపివేయుదుమని అడోబి ప్రకటించెను. ఆ దేశపు చిత్రకారులు, ముద్రాపకులు ఏ తప్పును చేయకయే తమ పనిముట్లను కోల్పోవు స్థితికి వచ్చిరి. ఆ నెల చివరకు ప్రభుత్వ అనుమతి లభించుటచే సేవలు కొనసాగినవి. అయినను, అద్దె పనిముట్టు ఎంత దూరపు నిర్ణయములకు లోబడియుండునో లోకమునకు తెలిసివచ్చెను.

ఇట్లని చందా పద్ధతిని దూషించి లాభము లేదు; తెలిసి వాడుకొనుట నేర్వవలెను. ఒప్పందముపై అంగీకారము తెలుపుటకు ముందు, గడువెంత, నడుమ మానినచో ఏమి చెల్లింపవలెను, తన ఫైళ్లు ఏమగును అను మూడు ప్రశ్నలు వేసికొనవలెను. పూర్తియైన పనిని పలు సాఫ్ట్‌వేరులు తెరువగల రూపమున గూడ భద్రపరచుకొనవలెను. అడోబియే సృష్టించిన పి.డి.ఎఫ్. 2008లో అంతర్జాతీయ ప్రమాణమైనది. దానిని చదువుటకు ఎవరికిని చందా కట్టనక్కరలేదు. ఇంతేకాక, జింప్, ఇంక్‌స్కేప్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులు గలవు. వానిని ఎవరైనను ఉచితముగా పొందవచ్చును, మార్చుకొనవచ్చును, పరులతో పంచుకొనవచ్చును.

అద్దె ఇంటిలో నుండుట తప్పు కాదు. కాని ఆ ఇంటిని విడుచునాడు తన సామాను తనతో తీసికొనిపోగలుగునట్లు చూచుకొనుట వివేకము.