వెయ్యి పదాలకు రెండొందలా? రాసే ముందు లెక్క చూసుకోండి

వెబ్‌సైట్లకు ఆర్టికల్స్ రాసే పని దర్శిలో కూర్చునీ చేయొచ్చు. కాకపోతే ఎవరి కోసం రాస్తున్నాం, ఆ రాత ఎక్కడికి పోతుందన్నది ముందే తెలుసుకోవాలి.

‘కంటెంట్ రైటర్లు కావలెను. ఇంటి దగ్గర్నుంచే పని. పదానికి 20 పైసలు.’ ఫైనలియర్ వాట్సాప్ గ్రూపుల్లో ఇలాంటి మెసేజ్ చూడనివాళ్లు తక్కువే. చూడగానే బాగానే ఉందనిపిస్తుంది. ల్యాప్‌టాప్ ఉంది, నెట్ ఉంది, ఇంగ్లిష్ ఓ మాదిరిగా వచ్చు, ప్లేస్‌మెంట్ సంగతి ఇంకా తేలలేదు. ఖాళీగా ఉండేకంటే మేలే కదా!

మేలో కాదో లెక్క చూద్దాం. వెయ్యి పదాల ఆర్టికల్‌కి రూ.200. విషయం వెతకాలి, రాయాలి, వాళ్లు చెప్పిన మార్పులన్నీ చేయాలి. కొత్తవాళ్లకు ఐదు గంటలు పడుతుందనుకుంటే గంటకు 40 రూపాయలు. ఆ డబ్బుకే ‘చదివితే ప్రొఫెషనల్‌గా ఉండాలి, ఎక్కడా కాపీ కనిపించకూడదు, ఈ కీవర్డ్ ఎనిమిదిసార్లు రావాలి, మధ్యలో మా సైట్ లింకు పడాలి’ అని షరతులు పెడతారు. అసలు సంగతంతా ఆ చివరి రెండు షరతుల్లోనే ఉంది.

లింకు ఎందుకంత ముద్దు?

ఒక పేజీకి ఎన్ని మంచి పేజీలు లింకు ఇస్తున్నాయన్నది గూగుల్ మొదట్నుంచీ చూసే విషయాల్లో ఒకటి. 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ ప్రపంచానికి చూపిన పేజ్‌ర్యాంక్ పద్ధతికి మూలం అదే. లింకు అంటే ఓటు లాంటిదన్నమాట. ఓటుకి విలువుంటే కొనేవాళ్లు రాకుండా ఉంటారా? మన జిల్లాలో ఈ మాట ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

నాకో టెక్ బ్లాగు ఉంది కాబట్టి ఈ బేరాలు తరచూ మెయిల్‌కి వస్తుంటాయి. ‘చక్కటి ఆర్టికల్ మేమే రాసి పంపుతాం, వేసుకుంటే డబ్బులిస్తాం, ఒక్క లింకు ఉంటుంది, డబ్బులిచ్చామని మాత్రం ఎక్కడా పెట్టొద్దు’ అని. తెరిచి చూస్తే భాషలో ఒక్క తప్పు దొరకదు. ‘పవర్ బ్యాంక్ కొనేముందు చూడాల్సినవి’ అని ఉంటుంది, కానీ రాసినాయన జన్మలో పవర్ బ్యాంక్ చేత్తో పట్టుకున్న ఆనవాలు కనిపించదు. రంగేసిన కొయ్య మామిడిపండు. ఆ ఆర్టికల్ రాసింది ఎవరో తెలుసా? పదానికి 20 పైసల దగ్గర ఒప్పుకున్న మీలాంటి ఓ ఫైనలియర్ స్టూడెంటే అయ్యుండొచ్చు.

గూగుల్ మాత్రం చూస్తూ ఊరుకోలేదు. సరుకు లేని పేజీల మీదికి 2011 ఫిబ్రవరిలో పాండా, కొన్న లింకుల మీదికి 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ అనే మార్పుల్ని వదిలింది. డబ్బు తీసుకుని పెట్టిన లింకుకి ‘స్పాన్సర్డ్’ అనే గుర్తు తగిలించమని 2019 సెప్టెంబర్‌లో చెప్పింది. 2024 మార్చిలో ఇంకాస్త బిగించింది. మనిషి రాసినా, యంత్రం రాసినా సరే, ర్యాంకు కోసమే గుట్టలుగా పేజీలు పోస్తే అది స్పామ్ కిందకే వస్తుంది. పేరున్న సైట్లోకి బయటివాళ్ల ఆర్టికల్స్ దించి ఆ పేరు మీద బతకడమూ అంతే. అలాంటి పేజీలు వెతుకులాటలో కిందికి పోవచ్చు, మొత్తానికే మాయమూ కావచ్చు.

సైటు పోతే ఓనరుకి నష్టం, మనకేంటి అనుకోవద్దు. రేపు ఇంటర్వ్యూలో ‘మీరు రాసినవి చూపించండి’ అంటే చూపించేది ఆ లింకులే.

లింకు ఎటు తీసుకెళ్తోంది?

ఇది ఇంకా ముఖ్యం. ‘క్రికెట్ అభిమానులకు ఐదు చిట్కాలు’ అని టాపిక్ ఇస్తారు. లోపల పెట్టమన్న లింకు నొక్కితే బెట్టింగ్ సైటు తెరుచుకుంటుంది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, ఆడించేవాళ్లనే కాదు, ప్రచారం చేసేవాళ్లనూ నేరస్థుల కిందే చూస్తుంది. అలాంటి ప్రకటనలకు రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా ఉన్నాయి. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లను ప్రమోట్ చేశారని హైదరాబాద్‌లో పోలీసులు సినీనటులు, యూట్యూబర్ల మీద కేసులు పెట్టిన సంగతి గుర్తుండే ఉంటుంది. ‘పేరు లేకుండా రాసిచ్చాను, అంతే’ అన్న మాట లాయర్ దగ్గర చెప్పుకోవాల్సిన పరిస్థితి తెచ్చుకోవద్దు. లింకు నొక్కి చూడటానికి అర నిమిషం చాలు.

వాడకుండానే ‘నేను వాడాను, అద్భుతం’ అని రివ్యూలు రాయమనడం కూడా ఈ కోవలోదే. తప్పుదోవ పట్టించే ప్రకటనలు, సిఫార్సుల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆన్‌లైన్ రివ్యూల కోసం అదే ఏడాది నవంబర్‌లో ఐఎస్ 19000 అనే ప్రమాణం వచ్చింది.

పలక మీద రాసి చూడండి

ఇంత చెప్పాక, అసలు ఈ పనే వద్దంటానేమో అనుకుంటున్నారా? లేదు. ఒక చిన్న వ్యాపారం తన వెబ్‌సైట్‌ని నలుగురికీ తెలిసేలా చేసుకోవడంలో తప్పేం లేదు. అందుకు మంచి ఆర్టికల్ కావాలి. అది రాయగలిగితే మీకు పని ఉంది. కష్టపడాల్సింది భాష నునుపు కోసం కాదు, విషయం కోసం.

మన పక్కనే ఉన్న ఉదాహరణ తీసుకుందాం. మార్కాపురం అంటే పలకలు. నోటుబుక్కులు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక బడి పలక వెనక్కి తగ్గింది. అదే రాయి ఇప్పుడు గోడలకు, నేలకు, తోటల్లో నడకదారులకు టైల్‌గా విదేశాలకు కూడా వెళ్తోంది. అక్కడి చిన్న యూనిట్ ఒకటి వెబ్‌సైట్ పెట్టుకుని మిమ్మల్ని ఆర్టికల్ అడిగిందనుకోండి. టేబుల్ ముందు కూర్చుని రాస్తే ‘సహజ సౌందర్యానికి ప్రతీక, మీ ఇంటికి రాజసం’ అని వస్తుంది. బెంగళూరులో ఇల్లు కట్టుకుంటున్నాయనకి దీనితో ఏం పని? ఆయన గూగుల్‌లో కొట్టేవి వేరు. వాన పడితే జారుతుందా? బాత్రూంలో వేయొచ్చా? అన్నీ ఒకే మందంలో వస్తాయా, లేక మేస్త్రీ సిమెంటుతో సర్దుకోవాలా? పొరలు లేస్తాయా? పైన సీలర్ పూయాలా, పూస్తే రంగు మారుతుందా?

వీటికి జవాబులు నెట్‌లో కంటే పొదిలి మీదుగా మార్కాపురం బస్సెక్కితే బాగా దొరుకుతాయి. మొహమాటం లేకుండా యూనిట్‌లోకి వెళ్లి ‘బాబాయ్, ఈ రెండింటికీ మందం తేడా ఎందుకొచ్చింది?’ అని అడగండి. ‘రాయి పొర ఎట్టా లేస్తే అట్టా వచ్చిద్దబ్బాయ్. అంతా ఒకటే మందం కావాలంటే ఎనక పక్క మిషన్ మీద అరగదీయాల. దానికి రేటు ఏరే’ అనే తరహాలో జవాబు వస్తుంది. కొనేవాడికి కావాల్సింది ఈ ముక్కే. అరగదీసిన రకం ఎప్పుడు తీసుకోవాలి, తీసుకోకపోతే పరిచేటప్పుడు ఏం తిప్పలు వస్తాయి అని రెండు పేరాలు రాస్తే చాలు, ఆయన ఫోన్ చేస్తాడు. రేటు, మందం, ఒక పెట్టెలో ఎన్ని చదరపు అడుగులు పడతాయి, పరిచాక తీసిన ఫొటో.. ఇవన్నీ అక్కడే నోట్ చేసుకోండి. ఫొటో మీ ఫోన్‌తో తీసిందే పెట్టండి, నెట్‌లోంచి తెచ్చింది వద్దు.

తర్వాత కాస్త చదువు పని. బంకమట్టి పొరలుగా పేరుకుని షేల్‌గా గట్టిపడి, భూమి లోపలి ఒత్తిడికి, వేడికి స్లేటుగా మారింది. ఉలి పెట్టి తడితే రేకుల్లా విడిపోయేది అందుకే. మన పడమటి ప్రాంతపు ఈ స్లేటుని భూగర్భ శాస్త్రవేత్తలు కడప బేసిన్‌లోని నల్లమల గ్రూపులో, కంభం పేరుతోనే పిలిచే శిలల్లో చేర్చారు. ఇలాంటి వివరం రెండు వాక్యాలు చాలు, ఎక్కువైతే టెక్స్ట్‌బుక్ అయిపోతుంది.

ఇబ్బంది పెట్టే విషయమూ ఒకటుంది. రాయి కోసేచోట లేచే ధూళిలో సిలికా ఉంటుంది. మధ్యప్రదేశ్‌లోని మందసౌర్ స్లేట్ పెన్సిల్ కార్మికుల్ని పీడించిన సిలికోసిస్‌కి కారణం అలాంటి ధూళే. నీళ్లు పోస్తూ కోస్తున్నారా, పనివాళ్లకు మాస్కులు ఉన్నాయా అని బయటి కొనుగోలుదారులు అడగొచ్చు. యూనిట్‌లో ఆ జాగ్రత్తలు మీ కళ్లతో చూస్తే రాయండి. చూడకపోతే, ఓనరు ఎంత చెప్పినా ‘కార్మికుల ఆరోగ్యమే మా ప్రథమ ప్రాధాన్యం’ అన్న వాక్యం మీ చేత్తో రాయొద్దు.

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ సంగతీ ఇలాగే. నల్లరాయిలో మెరిసే ఆ చుక్కల్ని బంగారం అన్నట్టు ఊరించి రాస్తే చదవడానికి బాగానే ఉంటుంది. నిజానికి అవి బ్రాంజైట్ అనే ఖనిజం రేణువులు. భూగర్భ శాస్త్రం లెక్కలో అది గ్రానైటే కాదు, గాబ్రోనోరైట్. గ్రానైట్ అనేది వ్యాపారంలో స్థిరపడిన పేరు. ఈ రెండు వాక్యాలు రాసిన ఆర్టికల్‌ని కొనేవాడు నమ్ముతాడు.

ఏఐ రాసేస్తుంది కదా అన్నా!

ఈ ప్రశ్న ప్రతి జూనియరూ అడుగుతాడు. అవును, రాసేస్తుంది. 2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చాక ‘స్లేట్ అంటే ఏమిటి, దాని ఉపయోగాలు’ తరహా ఆర్టికల్‌కి మనిషికి డబ్బులివ్వాల్సిన అవసరం తగ్గిపోయింది. పైగా 2024 ఆగస్టు నుంచి మన దేశంలో గూగుల్ ఏఐ ఓవర్‌వ్యూస్ పేరుతో జవాబుని పైనే చూపిస్తోంది, చాలామంది సైటులోకి వెళ్లకుండానే పని కానిచ్చేస్తారు. కాబట్టి సూటిగా చెప్తున్నా, 20 పైసల పని మీద భవిష్యత్తు కట్టుకోవద్దు. దాని కోసం ప్లేస్‌మెంట్ ప్రిపరేషన్ పక్కన పెట్టడం అస్సలు వద్దు.

అయితే పేజీల నాణ్యత చూసేవాళ్లకు ఇచ్చే మార్గదర్శకాల్లో గూగుల్ 2022 డిసెంబర్‌లో ‘అనుభవం’ అన్న మాటని చేర్చింది. రాసినవారికి ఆ వస్తువుతో, ఆ చోటుతో ప్రత్యక్ష పరిచయం ఉందా అన్నది చూడమని దానర్థం. వ్యాకరణం దిద్దుకోవడానికి ఏఐని వాడండి, నేనూ వాడతా. మార్కాపురం బస్సు మాత్రం అది ఎక్కలేదు.

తెలుగులో రాస్తే గిట్టుబాటవుతుందా అని కూడా అడుగుతుంటారు. యాడ్‌సెన్స్ 2018లోనే తెలుగుని చేర్చుకుంది, కానీ సొంత బ్లాగు మీద ప్రకటనల ఆదాయం చేతికి రావడానికి చాలా ఓపిక కావాలి. మన ప్రాంతపు వ్యాపారానికి రాసేటప్పుడు తెలుగు అవసరం ఇంకోలా పడుతుంది. నా బ్లాగుకి వచ్చేవాళ్లలో చాలామంది తెలుగు మాటల్నే ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసి వస్తారు. జనం ఏ మాటతో వెతుకుతున్నారో పట్టుకోవడం ఈ పనిలో సగం. ‘టైల్’ అంటున్నారా, ‘బండ’ అంటున్నారా? మేస్త్రీల్ని అడగండి.

రెజ్యూమెలో ఏం పెట్టాలి?

ముప్పై ఆర్టికల్స్ వద్దు, మూడు చాలు. మీకు తెలిసిన మూడు విషయాల మీద. బ్లాగర్‌లోనో, గిట్‌హబ్ పేజెస్‌లోనో పైసా ఖర్చు లేకుండా సైటు పెట్టొచ్చు. సీఎస్ఈ వాళ్లయితే గిట్‌హబ్ మేలు, గిట్, మార్క్‌డౌన్ చేతికి అలవాటవుతాయి. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో టెక్నికల్ రైటర్ ఉద్యోగానికి అడిగేవి దాదాపు అవే. నా దృష్టిలో ఇంజినీరింగ్ వాళ్లకు కంటెంట్ రైటర్ కంటే ఇదే నిలకడైన దారి, కానీ కాలేజీల్లో దీని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు.

సైటు పెట్టిన రోజే గూగుల్ సెర్చ్ కన్సోల్‌కి కలపండి, ఉచితమే. ఏ మాటకు మీ పేజీ కనిపించింది, ఎంతమంది నొక్కారు అన్నది అందులో తెలుస్తుంది. ‘మొదట ఈ హెడ్డింగ్ పెట్టాను, ఎవరూ నొక్కలేదు, ప్రశ్నలా మార్చాను, ఇదిగో తేడా’ అని ఇంటర్వ్యూలో గ్రాఫ్ చూపించగలిగితే, సర్టిఫికెట్ కోర్సు పేరు చెప్పడం కంటే బలంగా ఉంటుంది. ఎస్ఈఓ, డిజిటల్ మార్కెటింగ్ ట్రైనీ పోస్టులకు కూడా పనికొస్తుంది.

బేరం కుదిరేటప్పుడు

పని ఇవ్వడానికి రిజిస్ట్రేషన్ ఫీజో, డిపాజిట్టో అడిగితే అది పని కాదు, మోసం. ఇప్పటికే కట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ‘శాంపిల్’ పేరుతో ఐదు పూర్తి ఆర్టికల్స్ రాయించుకుని మాయమయ్యేవాళ్లూ ఉన్నారు. శాంపిల్‌గా మీ సైటులో ఉన్నదాన్నే చూపించండి. పదానికి ఇంత అని కాకుండా ఆర్టికల్‌కి ఇంత అని మాట్లాడుకోండి, వెళ్లి చూసి రావాల్సి ఉంటే బస్సు చార్జీలు అందులో కలపండి. ఎన్నిసార్లు దిద్దాలో ముందే అనుకోండి, రెండుసార్లు దాటితే అదనం.

పేరు పడుతుందా లేదా అన్నది కూడా అప్పుడే అడగాలి. ఉద్యోగిగా కాకుండా విడిగా రాసిచ్చినప్పుడు, 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం మొదటి హక్కు సాధారణంగా రాసినవాళ్లదే. దాన్ని ఇంకొకరికి బదిలీ చేయాలంటే రాతలో, మీ సంతకంతో ఉండాలి. సంతకం అడిగితే పెట్టండి, కానీ రెండు మాటలు చేర్పించాకే: డబ్బు పూర్తిగా అందాకే బదిలీ అవుతుందని, నా పనిగా పోర్ట్‌ఫోలియోలో చూపించుకోవచ్చని.