ముందు పల్లెవెలుగు

డ్యూటీ దిగి ఫోన్ చేస్తే నాన్న అడిగే మొదటి మాట ఒకటే. "ఇయ్యాల ఎన్నిసార్లు దిగినవు బిడ్డా?" ఏ ఊరికి పోయావు, ఎంత ఎత్తులో పోయావు అని అడగడు. నాలుగుసార్లు అంటే "మంచిగ" అంటాడు. ఆరుసార్లు అంటే "అలిసినవేమో, తిని పండుకో" అంటాడు.

మాది ఇటిక్యాల. కృష్ణకూ తుంగభద్రకూ నడుమనున్న నడిగడ్డ. నాన్న గద్వాల డిపోలో ఆర్టీసీ డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. అమ్మ నాలుగెకరాల్లో సీడు పత్తి చూసుకునేది. పూలకు పుప్పొడి అద్దే క్రాసింగ్ రోజుల్లో తెల్లవారకముందే చేనుకు పోయేది. నేను ఇప్పుడు హైదరాబాద్ నుంచి ఏటీఆర్ విమానం నడుపుతున్నాను. మా జిల్లా నుంచి, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు నుంచి పిల్లలు ఫోన్లు చేస్తుంటారు. "అక్కా, లైసెన్సు వచ్చింది. మొదటి ఉద్యోగం ఎక్కడ చూసుకోవాలి?" అని అడుగుతారు. చాలామందికి విడివిడిగా చెప్పిన జవాబును ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ముందు ఆ లైసెన్సు అంటే ఏమిటో చూద్దాం. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండి, 18 ఏళ్ళు నిండి, క్లాస్-1 మెడికల్ నెగ్గినవాళ్ళకు విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కమర్షియల్ పైలట్ లైసెన్సు ఇస్తుంది. నావిగేషన్, వాతావరణ శాస్త్రం, వైమానిక నిబంధనలు, టెక్నికల్ పేపర్లు రాయాలి. ఒక్కోదాంట్లో 70 శాతం తెచ్చుకోవాలి. రేడియోలో మాట్లాడటానికి వేరే పరీక్ష. వీటితోపాటు 200 గంటలు ఎగరాలి. అందులో 100 గంటలు విమానం బాధ్యత పూర్తిగా మనదే అయి ఉండాలి. 300 నాటికల్ మైళ్ళ దూర ప్రయాణం ఒకటి చేయాలి. రాత్రి పూట 5 గంటలు ఎగరాలి.

200 గంటలు వినడానికి పెద్దగా ఉంటుంది. నాన్న మాత్రం వేళ్ళ మీద లెక్కవేశాడు. "దినానికి ఎనిమిది గంటలు నడిపితే ఇరవై ఐదు దినాల పని. నెల గూడ కాలె." ఆ మాటకు ఆ రోజు నాకు కోపం వచ్చింది. నలభై లక్షలకు పైగా అయింది, పొలం బ్యాంకులో ఉంది, ఈయనకు నెల పనిలా కనిపిస్తోందా అనుకున్నాను. ఇప్పుడు ఆ మాటే నా దగ్గరికొచ్చే పిల్లలకు చెబుతున్నాను. లైసెన్సు చేతికొచ్చిన రోజున మనం పైలట్లమే, కాదనను. కానీ నెల రోజుల డ్రైవరుకు ఎంత తెలుసో మనకూ అంతే తెలుసు. మిగిలిన చదువు మొదటి ఉద్యోగంలోనే సాగాలి. ఎంచుకునేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న కూడా ఇదే: ఇక్కడ నాకు ఏం నేర్పుతారు?

మన దేశంలో 200 గంటల పైలట్ ముందు ముఖ్యంగా నాలుగు దారులుంటాయి.

మొదటిది అందరూ కోరుకునేది, పెద్ద ఎయిర్‌లైన్‌లో జెట్ విమానం. రాత పరీక్ష, ఇంటర్వ్యూ, సిమ్యులేటర్ పరీక్ష నెగ్గాలి. తర్వాత ఆ విమానానికి ప్రత్యేకమైన టైప్ రేటింగ్. గ్రౌండ్ క్లాసులు, సిమ్యులేటర్ పాఠాలు అయ్యాక ఖాళీ విమానంతో టేకాఫ్‌లు, ల్యాండింగులు చేయిస్తారు. ఆ పైన శిక్షణ ఇచ్చే కెప్టెన్ పక్కన కూర్చుని ప్రయాణికులతో ఎగరాలి. టైప్ రేటింగ్ ఖర్చు సొంతంగా పెట్టుకుంటే ఇంకో పదిహేను లక్షలకు అటూ ఇటూ అవుతుంది. ఉద్యోగం ఖాయం కాకముందే అప్పు చేసి టైప్ రేటింగ్ చేయించుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ పని చేయవద్దనే నా సలహా. టైప్ రేటింగుకు కాలం చెల్లుతుంది, చేతికి అలవాటు పోతుంది, అప్పు మాత్రం అక్కడే ఉంటుంది.

రెండోది ఏటీఆర్ వంటి ప్రొపెల్లర్ విమానం నడిపే ప్రాంతీయ సర్వీసు. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం మొదలైన రోజున సిమ్లా–ఢిల్లీ సర్వీసుతో పాటు కడప–హైదరాబాద్, నాందేడ్–హైదరాబాద్ సర్వీసులకు కూడా పచ్చజెండా ఊపారు. ఆ ఏడాది డిసెంబరులో ఇండిగో కూడా హైదరాబాద్ నుంచి ఏటీఆర్‌లు మొదలుపెట్టింది. డెబ్బైకి పైగా సీట్లు, గంటకు 500 కిలోమీటర్ల వేగం. జెట్‌లాగా మబ్బులపైకి పోయి తప్పించుకోవడం దీనికి కుదరదు. వానలో, గాలిలో, మబ్బుల నడుమ దారి వెతుక్కుంటూ పోవాలి.

మూడోది ఫ్లయింగ్ స్కూల్లో అసిస్టెంట్ ఇన్‌స్ట్రక్టర్ పని. దానికి ఇంకో కోర్సు, ఇంకో పరీక్ష. జీతం తక్కువ. చాలాచోట్ల ఎగిరిన గంటలను బట్టే ఇస్తారు కాబట్టి వానాకాలంలో చేతిలో పెద్దగా ఏమీ మిగలదు.

నాలుగోది చార్టర్ కంపెనీలు. చిన్న బిజినెస్ విమానాలు. మంచి అనుభవమే, కానీ బీమా సంస్థల షరతుల వల్ల చాలా కంపెనీలు 200 గంటలవాళ్ళను తీసుకోవు. తీసుకుంటామన్నవాళ్ళ కాగితాలు జాగ్రత్తగా చదవాలి.

నా అనుభవం ఇక్కడే మొదలవుతుంది. లైసెన్సు వచ్చాక పద్నాలుగు నెలలు ఇంట్లో ఉన్నాను. ఊళ్ళో ఎవరెదురైనా "విమానం ఎప్పుడు తోలుతవమ్మా?" అనేవాళ్ళు. ప్రేమగానే అడిగేవాళ్ళు, కానీ జవాబు చెప్పలేక బయటికి పోవడం మానేశాను. అప్పుడొక చిన్న కంపెనీ పిలిచింది. ఆరు లక్షలు డిపాజిట్ కడితే కుడి సీట్లో కూర్చోబెట్టి గంటలు ఇస్తామంది. సంతకం పెట్టడానికి సిద్ధపడ్డాను. నాన్న ఆ కాగితాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు. "మన దగ్గర తీసుకునేది రాసిండ్రు. మనకు ఇచ్చేది ఏడ రాసిండ్రు?" అన్నాడు. నిజమే. జీతం లేదు, నెలకు ఎన్ని గంటలో లేదు, డబ్బు ఎప్పుడు తిరిగిస్తారో లేదు. పోలేదు. పనిచేసేవాళ్ళే జీతం కడుతున్నారంటే అది ఉద్యోగం కాదని ఆ రోజు అర్థమైంది.

ఆ తర్వాత పక్క రాష్ట్రంలోని ఒక ఫ్లయింగ్ స్కూల్లో అసిస్టెంట్ ఇన్‌స్ట్రక్టర్‌గా చేరాను. నాతో చదివినవాళ్ళలో ఇద్దరు అప్పటికే జెట్ యూనిఫాంలో ఫొటోలు పెట్టారు. నేనేమో ఎర్రటి ఎండలో నాలుగు సీట్ల సెస్నా-172 పక్కన ఇంధనం చూసుకుంటూ నిలబడ్డాను. ఏడుపొచ్చిన రోజులున్నాయి. ఫోన్‌లో నాన్న తన సంగతి చెప్పాడు. పదకొండేళ్ళు అయిజ, రాజోలి, అలంపురం రోడ్ల మీద పల్లెవెలుగు నడిపాకే ఆయనకు హైదరాబాద్ సూపర్ లగ్జరీ ఇచ్చారట. "లగ్జరీల పోతే బండి తోలుడు వస్తది. పల్లెవెలుగుల పోతే ఆపుడు, లేపుడు, ఎద్దును సూసుడు, మనిషిని సూసుడు వస్తది. ముందు గది నేర్సుకో."

స్కూల్లో ఒక గంటలో ఆరేడుసార్లు దిగి మళ్ళీ లేస్తాం. పక్కన విద్యార్థి. వాడు తప్పు చేస్తాడు. ఆ తప్పును ఎంతవరకు పోనివ్వాలి, ఏ క్షణంలో "నా చేతికివ్వు" అనాలి అన్నదే ఆ ఉద్యోగం. తొందరపడితే వాడు నేర్చుకోడు, ఆలస్యమైతే ఇద్దరికీ ప్రమాదం. పెద్ద ఇన్‌స్ట్రక్టర్ కింద నేను ఏడాదిన్నర పనిచేశాను. 580 గంటలు, రెండు వేలకు పైగా ల్యాండింగులు. పక్కగాలి ఎటునుంచి ఎప్పుడు తోస్తుందో నా వీపుకు తెలిసింది అక్కడే. తర్వాత ఏటీఆర్ సిమ్యులేటర్ పరీక్షలో ఒక ఇంజన్ ఆపేసినప్పుడు నా కాలు దానంతటదే సరైన రడ్డర్ మీదికి పోయింది.

పిల్లలకు నేను చెప్పే ముఖ్యమైన మాట ఇదే. గంటలు ఒక్కటే లెక్కపెట్టకండి, ఎన్నిసార్లు దిగారో లెక్కపెట్టండి. విమానం పైన నిలకడగా పోతున్నప్పుడు చాలా పని ఆటోపైలట్ చేస్తుంది. ఎనిమిది గంటల దూర ప్రయాణంలో ఉన్నది ఒక్క ల్యాండింగే, అదీ ఇద్దరు ముగ్గురు పైలట్లలో ఒకరికే. అదే ఎనిమిది గంటలు చిన్న రూట్లలో తిరిగితే ఆరు. పైగా మన దేశంలో కొత్త కో-పైలట్ ల్యాండింగ్ చేయాలంటే అందుకు అనుమతి ఉన్న కెప్టెన్ పక్కన ఉండాలి. వాతావరణం బాగా లేకపోతే ఆ అవకాశమూ ఉండదు. అందుకే ఇంటర్వ్యూలో జీతం అడిగినంత ధైర్యంగా అడగండి: "కొత్త కో-పైలట్‌కు నెలకు ఎన్ని ల్యాండింగులు దొరుకుతాయి? శిక్షణ ఇచ్చే కెప్టెన్లు ఎంతమంది ఉన్నారు?"

ఉద్యోగానికి ముందు ఎంత అనుభవం ఉండాలన్న ప్రశ్న అమెరికాలో చట్టమే అయింది. 2009 ఫిబ్రవరి 12న బఫెలో నగరం దగ్గర కోల్గన్ ఎయిర్ వారి ప్రొపెల్లర్ విమానం కూలి 50 మంది చనిపోయారు. ఆ కుటుంబాల పోరాటం ఫలితంగా అక్కడ ఎయిర్‌లైన్ కో-పైలట్‌కు కూడా సాధారణంగా 1500 గంటలు ఉండాలన్న నిబంధన 2013లో అమల్లోకి వచ్చింది. అందువల్ల అక్కడ కొత్త లైసెన్సు వచ్చినవాళ్ళు చాలామంది పాఠాలు చెబుతూనే ముందుకు పోతారు. మన దగ్గర 1500 గంటలు అడిగేది కెప్టెన్ కావడానికి కావలసిన ఏటీపీఎల్ లైసెన్సుకు. కుడి సీటుకు 200 చాలు. చట్టం చాలంటుంది. నిజంగా చాలునా అన్నది మాత్రం ఎవరికి వాళ్ళు తమ గుండె మీద చెయ్యి వేసుకుని చూసుకోవాలి.

ఇన్‌స్ట్రక్టర్ పనిలో లోటు కూడా ఉంది. ఇద్దరు పైలట్లు పని పంచుకుని, ఒకరినొకరు సరిచూసుకునే పద్ధతి అక్కడ రాదు. ఏటీఆర్‌కు వచ్చిన కొత్తలో అన్నీ నేనే చేసేయబోయేదాన్ని. ఆ అలవాటు మానడానికి నెలలు పట్టింది. ఏటీఆర్‌కూ ఒక లోటుంది. దాన్ని నడిపే కంపెనీలు మన దేశంలో కొన్నే: ఇండిగో, అలయన్స్ ఎయిర్, 2024లో మొదలైన ఫ్లై91. ఎయిర్‌బస్ ఏ-320 నేర్చినవాళ్ళకు తట్టడానికి ఎక్కువ తలుపులుంటాయి. కంపెనీలు మూతపడినప్పుడు ఆ తేడా తెలుస్తుంది. కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ ఎయిర్‌వేస్ 2019లో, మన హైదరాబాద్ ట్రూజెట్ 2022లో, గో ఫస్ట్ 2023లో ఆగిపోయాయి. అందుకే జెట్ ఉద్యోగం నేరుగా వస్తే కాదనమని చెప్పను. తీసుకోండి. అయితే ల్యాండింగుల లెక్క అడిగి తీసుకోండి.

సంతకానికి ముందు ఇంకో మూడు సంగతులు చూడాలి. ఒకటి, బాండు. ఎన్నేళ్ళు, ఎంత డబ్బు, ఏటేటా అది తగ్గుతుందా లేదా. రెండు, నోటీసు. డీజీసీఏ నిబంధన ప్రకారం ఎయిర్‌లైన్ కో-పైలట్ ఆరు నెలలు, కెప్టెన్ ఏడాది ముందు చెప్పాలి. కాబట్టి చేరడం ఎంత ఆలోచించి చేస్తామో మానడమూ అంతే ఆలోచించి చేయాలి. మూడు, లాగ్‌బుక్. ఎగరని గంటలు రాసిస్తామనే చోట ఒక్క రోజు కూడా ఉండకండి. 2011లో నకిలీ మార్కుల పత్రాలతో లైసెన్సు తెచ్చుకున్న పైలట్లు పట్టుబడ్డప్పుడు దేశమంతటా పైలట్ల రికార్డులు తిరగేశారు. పట్టుబడ్డవాళ్ళ ఉద్యోగాలు పోయాయి. అంతకంటే పెద్ద మాట, వెనక కూర్చున్న డెబ్బై మంది మన లాగ్‌బుక్‌ను నమ్మే కళ్ళు మూసుకుంటారు.

మొదటి ఉద్యోగం కోసం తిరుగుతున్న అమ్మాయిలకు నేను తప్పకుండా ప్రేమ్ మాథుర్ కథ చెబుతాను. 1947లో ఆమెకు కమర్షియల్ లైసెన్సు వచ్చింది. ఆడమనిషి నడిపితే ఎవరెక్కుతారని కంపెనీలు వరసగా కాదన్నాయి. తీసుకున్నది మన హైదరాబాద్‌లోని డెక్కన్ ఎయిర్‌వేస్. దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్ ఉద్యోగం మొదలైంది నిజాం కాలపు ఆ కంపెనీలోనే. అక్కడ కో-పైలట్‌గా నేర్చుకున్నారు. కెప్టెన్ సీటు ఇవ్వరని తెలిశాక బయటికొచ్చారు. 1949లో జాతీయ వైమానిక పందెం గెలిచారు, 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చేరారు. తలుపు తీసినవాళ్ళ దగ్గర మనసుపెట్టి నేర్చుకోవడం, నేర్చుకునేది అయిపోయాక మర్యాదగా లేచి రావడం, రెండూ ఆ కథలో ఉన్నాయి.

కో-పైలట్‌గా ఉన్న రోజుల్లో బళ్ళారి దగ్గరి విద్యానగర్‌కు పోయి తిరిగి వస్తుంటే, మబ్బులు లేని పూట కుడి కిటికీలోంచి జూరాల డ్యామ్ కనబడేది. గేట్లు ఎత్తితే నీళ్ళు తెల్లటి గీతలా ఉండేవి. దాని అవతల గద్వాల, ఇంకా అవతల మా ఊరు ఉండాల్సిన చోటు. అక్కడి నుంచి చూస్తే నాన్న పదకొండేళ్ళు తిరిగిన రోడ్లు వెంట్రుకలంత సన్నగా ఉండేవి.

మొన్న ఎర్రవల్లి చౌరస్తా దగ్గరి అమ్మాయి ఒకతె తన ఉద్యోగ కాగితం ఫొటో పంపింది. ఫ్లయింగ్ స్కూలు. జీతం తక్కువ, కానీ ఎంతో రాసి ఉంది. డిపాజిట్ లేదు. నెలకు ఎగిరే గంటలు రాసి ఉన్నాయి. నాన్న పక్కనే ఉంటే చదివి వినిపించాను. "దినానికి ఎన్నిసార్లు దిగుతదంట?" అన్నాడు. ఆ అమ్మాయికి ఫోన్ చేసి అడిగాను. పదిహేనైనా ఉంటాయక్కా అంది. నాన్న తల ఊపాడు.

"చేరమను."