మూలన వెలిసే బేత్లెహేము

హైదరాబాద్‌లో చాలామంది విజయవాడ హైవే ఎక్కాలంటే ఎల్బీనగర్ చౌరస్తా దాటాల్సిందే. నల్గొండ, సూర్యాపేట, కృష్ణా, గుంటూరు వైపుల నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీనగర్ చుట్టుపక్కల స్థిరపడినవాళ్లు చాలామంది. వారిలోని క్రైస్తవ కుటుంబాలు డిసెంబరులో రెండుసార్లు పండగ చేసుకుంటాయి. నగరంలో ముందుగా సెమీ క్రిస్మస్, ఆ తర్వాత సొంతూరి చర్చిలో అసలు క్రిస్మస్. ఊరి బస్సు ఎక్కేలోపే ఇక్కడి ఇల్లు ముస్తాబు కావాలి. బాల్కనీలో కాగితపు నక్షత్రం, హాల్లో ఓ మూల పశువుల పాక. రాత్రిపూట క్యారల్స్ బృందం గుమ్మంలో నిలబడి పాడుతుంటే అందరి కళ్లూ ఆ మూల వైపే.

పశువుల పాక కట్టే ఆచారం పాతది. 1223లో అస్సీసీ ఫ్రాన్సిస్ ఇటలీలోని గ్రెచ్చో గ్రామంలో గడ్డి నింపిన తొట్టి పెట్టించి, నిజమైన ఎద్దునూ గాడిదనూ పక్కన నిలిపి, క్రీస్తు పుట్టుకను ఊరివాళ్ల కళ్లకు కట్టించాడు. లూకా సువార్తలో తొట్టి ఉంది గానీ ఎద్దూ గాడిదా లేవు. యెషయా గ్రంథం మొదటి అధ్యాయాన్ని బట్టి అవి వచ్చి చేరాయి. తూర్పు జ్ఞానులు ఎందరో మత్తయి చెప్పలేదు. కానుకలు మూడు గనుక ముగ్గురిని నిలబెట్టడం వాడుకైంది. క్రిస్మస్ చెట్టు సంగతీ అంతే. జర్మనీలో పుట్టిన ఆ ఆచారం, 1848లో విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మ ఒక లండన్ పత్రికలో వచ్చాక ఇంగ్లండులో ఇంటింటికీ పాకింది. ఆ రాణి పేరు ఎల్బీనగర్‌కు ముందున్న విక్టోరియా మెమోరియల్ మెట్రో స్టేషన్‌లో నేటికీ వినిపిస్తుంది. ప్రతి దేశమూ తన చేతిలో ఉన్నదాన్ని ఈ పండగకు ఇచ్చింది. మన చేతిలో ఉన్నదాన్ని మనమెందుకు ఇవ్వకూడదు?

అలా ఇవ్వదగినవి విజయవాడ రోడ్డు పొడవునా ఉన్నాయి. హైవే నుంచి కాస్త లోపలికి వెళ్తే పోచంపల్లి. అమ్మమ్మ కట్టి దాచుకున్న ఇక్కత్ చీరను మడతపెట్టి బల్ల మీద పరిస్తే, పాకకు అంతకు మించిన పీఠం ఉండదు. విజయవాడ చేరేముందు కొండపల్లి. అక్కడి కళాకారులు తేలికైన తెల్ల పొణికి కర్రను చెక్కి, విడి భాగాలను చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, ఆపైన రంగులు వేస్తారు. ఎద్దుల బండి, ఆవు, కుండలు మోసే స్త్రీ, గీత కార్మికుడు ఎక్కిన తాటిచెట్టు అక్కడి బొమ్మల్లో తరచూ కనిపిస్తాయి. వాటిని బాలయేసు చుట్టూ నిలిపితే గొల్లల వెనక మన ఊరు కూడా బేత్లెహేముకు వచ్చేస్తుంది. నిర్మల్ పక్షులు, ఏటికొప్పాక లక్క బొమ్మలు దొరికితే అవీ ఒదుగుతాయి.

మిగతాది ఇంట్లోనే చేసుకోవచ్చు. మట్టి నింపిన పళ్లెంలో ఆవాలో రాగులో పది రోజుల ముందు చల్లితే పండగనాటికి పచ్చిక సిద్ధం. గోధుమరంగు కాగితాన్ని నలిపి రంగు పూస్తే కొండరాళ్లు. చెట్టుకు కుండీలోని అరకేరియా చాలు. కోస్తా వైపైతే సరుగుడు కొమ్మ. చాలా కథోలిక కుటుంబాల్లో తొట్టిని ఖాళీగా ఉంచి, 24 రాత్రి బాలయేసును పడుకోబెడతారు. జ్ఞానుల బొమ్మలను దూరంగా మొదలుపెట్టి, రోజుకు కొంచెం జరుపుతూ జనవరి 6కు పాక దగ్గరికి చేర్చవచ్చు. పిల్లలకు ఈ పని అప్పగిస్తే సువార్త కథ వాళ్ల చేతుల్లో నడుస్తుంది.

వీటిని విదేశాల్లోని ఇళ్లకు తీసుకెళ్లేవారికి కొన్ని జాగ్రత్తలు. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో చెక్క వస్తువులను విమానాశ్రయంలో తప్పనిసరిగా చూపాలి. ఎండుగడ్డి మాత్రం తీసుకెళ్లకుండా అక్కడే కొనడం మేలు. మన సీరియల్ లైట్లు 230 వోల్టులవి. అమెరికాలోని 120 వోల్టులకు సరిగా వెలగవు. గడ్డి, కాగితం ఉన్నచోట కొవ్వొత్తి బదులు బ్యాటరీ దీపమే పెట్టండి.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పుట్టిన పిల్లలకు దుకాణపు ప్లాస్టిక్ చెట్టు కొత్తేమీ కాదు. పోచంపల్లి నేత, పొణికి కర్ర, తాతయ్య బైబిలు, ఊరి చర్చి ముందు తీయించుకున్న ఫొటో మాత్రం వాళ్లకు మనమే అందించాలి. ఏటా ఒక్క వస్తువు చేర్చి, దాని అడుగున సంవత్సరం, ఇచ్చినవారి పేరు తెలుగులో రాయండి. పిల్లలు పెద్దయి తమ ఇంట్లో పాక కట్టుకునేనాటికి, ఏ బొమ్మ ఎవరిదో మనల్ని అడగకుండానే చదువుకోగలుగుతారు.