పక్షితో పాటు పేనునూ కాపాడాలి

1987లో అమెరికాలో అడవిలో మిగిలిన చివరి కాలిఫోర్నియా కాండోర్‌ను పట్టి సంరక్షణ కేంద్రానికి చేర్చారు. అప్పటికి ప్రపంచం మొత్తంలో ఉన్నవి 27 పక్షులే. వాటిని బతికించే హడావిడిలో ఒంటిమీది పేలను మందుతో చంపేశారు. ఆ పక్షి మీద తప్ప మరెక్కడా బతకని ఒక పేను జాతి ఆ తర్వాత ఎవరికీ కనబడలేదు. పక్షిని కాపాడటం ఎంత గొప్ప పనో, ఆ పేనును పోగొట్టుకోవడం అంత పెద్ద నష్టం.

పేలు హాని చేయవా? మితిమీరితే చేస్తాయి. పావురం మెత్తటి ఈకలను అవి కొరికి తినేస్తే దాని ఒంట్లో వేడి నిలవదు. కానీ పక్షి చేతగానిదేం కాదు. పావురం పై ముక్కు కొన కింది ముక్కును దాటి కాస్త వంగి ఉంటుంది. ఈకల సందుల్లో దూరిన సన్నటి పేనును అక్కడే నలిపేస్తుంది. పరిశోధకులు ఆ కొనను కత్తిరిస్తే పేలు విపరీతంగా పెరిగాయి. అంటే ఆరోగ్యంగా ఉన్న పక్షి తన పేలను తానే అదుపు చేసుకుంటుంది. నీరసించిన పక్షికి మందు వేయాల్సిందే, కాదనలేం. అయితే తట్టుకోగల కొన్ని పక్షుల మీదైనా ఆ పేను జాతిని మిగల్చాలి. ఒకే పక్షిని నమ్ముకుని తరతరాలుగా మారుతూ వచ్చిన పేను, ఆ పక్షి వంశచరిత్రకు సాక్షి. ఆ సాక్షిని చేతులారా చెరిపేసే హక్కు మనకు లేదు.